పెండ్లి పందిరిలో సోడా పండ్లపానకము



వైశాఖ, జ్యేష్ఠ మాసములు వచ్చినవనగా ఉమ్మడి వరంగల్లు జిల్లా పల్లెలలో ఒకవైపు మామిడి కోత, మరియొకవైపు పెండ్లి ముహూర్తములు. ఎండ నలుబది డిగ్రీలు దాటి కాయును. ఎండలోబడి వచ్చిన చుట్టములకు ముందుగా చేతికందించవలసినది చల్లని పానీయము. శ్రీరామనవమికి బెల్లము, మిరియాలు, ఏలకులు వేసి పానకము పంచుట మనకు తరతరాలుగా తెలిసినదే. ఇప్పటి పిల్లలు మాత్రము బుసబుస పొంగెడి రంగు పానీయములను కోరుచున్నారు. అందుకై పెండ్లివారు పట్నమునుండి పెట్టెలకొలది సీసాలు తెప్పించుచుండగా, గాలివానకు రాలిన కాయలు వారి తోటలోనే చెట్ల క్రింద పడి కుళ్ళుచుండును.

ఆ పొంగును మన పండ్లరసమునకే తెచ్చుకొనవచ్చును. పని కష్టమైనది కాదు. అయితే ఒక మాట మొదటనే గుర్తుంచుకొనవలెను. వందమంది త్రాగెడి గంగాళములో చేరిన ఒక్క మురికి మంచుగడ్డ వందమందికిని చేరును. పానీయపు రుచి పండును బట్టి యుండును; త్రాగినవారి క్షేమము మాత్రము నీటిని, మంచును, పాత్రను బట్టి యుండును.

పొంగు ఎక్కడినుండి వచ్చును?

సోడాలో పొంగునట్టిది బొగ్గుపులుసు వాయువు. మనము విడిచెడి ఊపిరిలోనిదియు ఇదియే. 1767లో ఇంగ్లండు దేశమందలి లీడ్సు పట్టణములో జోసెఫ్ ప్రీస్ట్లీ అను శాస్త్రజ్ఞుడు, బీరు పులియబెట్టు తొట్లపైన నిలిచెడి ఈ వాయువును నీటిలో కలిపి, ఆ నీరు రుచిగా నుండుట గమనించెను. మన అంగళ్ళలోని గోళీసోడా సీసాకు 1872లో హైరం కాడ్ అను ఇంగ్లీషువాడు పేటెంటు పొందెను. లోపలి వాయువే గోళీని పైకి నెట్టి మూతిని బిగించును.

ఈ వాయువు చల్లని నీటిలో ఎక్కువగాను, వేడినీటిలో తక్కువగాను కరగును. మామూలు పీడనము వద్ద సున్న డిగ్రీల చల్లదనములో లీటరు నీరు సుమారు 1.7 లీటర్ల వాయువును పట్టియుంచును. 20 డిగ్రీలలో 0.9 లీటరు, 40 డిగ్రీలలో అరలీటరు మాత్రమే పట్టును. మే నెల మధ్యాహ్నము ఎండలో పెట్టిన సోడా తెరచిన వెంటనే చప్పబడుటకు కారణమిదియే. కావున రసము, సోడా రెండును కలుపక మునుపే బాగుగా చల్లబడి యుండవలెను. కలిపిన పిదప చల్లబరచుటకు ప్రయత్నించిన ప్రయోజనములేదు.

పండ్ల ఎంపిక

రసమునకు బంగినపల్లి గాని, పీచు తక్కువగల ఇతర రకము గాని మేలు. చిన్న కాయలు, తొక్కపై మచ్చగల కాయలు మార్కెట్టులో ధర పలుకకున్నను రసమునకు పనికివచ్చును. కుళ్ళినవి, పురుగుపట్టినవి, పులిసిన వాసనగలవి పనికిరావు.

కాయలను వరిగడ్డిలో మాగవేయుడు. కార్బైడు పెట్టి మాగించుట ఆహార భద్రతా నిబంధనల ప్రకారము నేరము. దానిలో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ సంబంధమైన విషపదార్థములు కొద్దిగా నుండును. వ్యాపారముకొరకు మాగించువారు ఎథిలీన్ వాయువును నిబంధనలలో చెప్పిన పరిమితికి లోబడి వాడుకొనవచ్చును.

బత్తాయి రసము కూడ కలుపుకొనవచ్చును గాని, పిండి గంటలకొలది నిలువయుంచిన అది చేదెక్కును. కావున పంచుటకు కొంచెము ముందు మాత్రమే పిండవలెను. రంగులేవియు కలుపనక్కరలేదు. అంగళ్ళలో చవుకగా దొరకు మెటానిల్ ఎల్లో అను పసుపురంగు ఆహారములో నిషిద్ధము. మామిడికి ఉన్న రంగు చాలును.

నీరు, మంచు

కుళాయినీరైనను, బావినీరైనను బాగుగా తెర్ల కాచి, మూతపెట్టి చల్లార్చి వాడవలెను. నీటిని గడ్డకట్టించినంత మాత్రమున అందలి రోగక్రిములు చావవు. నిమ్మపులుపు వాటిని చంపునని నమ్ముటయు పొరపాటే. వాంతులు, విరేచనములు, టైఫాయిడు, పచ్చకామెర్లు ఈ దారినే పందిరిలోనికి వచ్చును.

చేపలను, శవములను చల్లగా నుంచుటకు చేసిన మంచు త్రాగెడి మంచు కాదు. ఏ నీటితో చేసినదో తెలియని మంచును పానీయములో వేయనే వేయరాదు. దానిని పాత్రకు వెలుపల వాడుకొనుడు. పెద్ద తొట్టిలో పగులగొట్టిన మంచును, దానిపై రెండు మూడు దోసిళ్ళ కల్లుప్పును వేసి, రసపు పాత్రను మూతపెట్టి అందులో దింపవలెను. ఉప్పు కలిసిన మంచు వట్టి మంచుకన్న ఎక్కువ చల్లదనము నిచ్చును. మంచునీరు పాత్ర అంచు దాటి లోనికి పోకుండ చూచుకొనుడు. సోడా సీసాలను మరియొక తొట్టిలో వట్టి మంచునీటిలో నుంచి, పైన తడిగోనె కప్పవలెను.

పాత్రలు

పుల్లని రసమునకు కళాయిలేని రాగి, ఇత్తడి గుండిగలు పనికిరావు. పులుపునకు రాగి కరిగి రసములో చేరును. త్రాగినవారికి కడుపులో త్రిప్పి వాంతులగును. జస్తాపూత పూసిన ఇనుప డ్రమ్ములతోను ఇదే ప్రమాదము. పురుగుమందుల డబ్బాలను ఎన్నిసార్లు కడిగినను వాడరాదు. స్టీలు పాత్రలు అన్నిటికంటె మేలు. వాటిని వేడినీటితో కడిగి బోర్లించి ఆరబెట్టుడు.

నూరుమందికి కావలసినవి (మనిషికి 200 మిల్లీలీటర్ల గ్లాసు చొప్పున)

మామిడిపండ్లు – సుమారు 7 కిలోలు (గుజ్జు 4 కిలోలు వచ్చును)
పంచదార – 2 కిలోలు
నిమ్మరసము – 600 మిల్లీలీటర్లు (కాయల సైజును బట్టి 30 మొదలు 40 కాయలు)
అల్లము – 100 గ్రాములు
ఉప్పు – 20 గ్రాములు
పుదీనా – రెండు కట్టలు
కాచి చల్లార్చిన నీరు – అన్నియు కలిసి 10 లీటర్లగుటకు చాలినంత
సోడా – 10 లీటర్లు

సోడా సీసాలు అన్నియు ఒకే పరిమాణములో నుండవు. సీసాపై వ్రాసినది చూచి లెక్క కట్టుకొనుడు. ఆహార భద్రతా లైసెన్సు లేక రిజిస్ట్రేషను సంఖ్యగల తయారీదారుని సరుకునే కొనుడు. సోడా కూడ నీరే. మంచినీటితో చేయని సోడా మురికినీటికంటె మేలైనది కాదు.

చేయు పద్ధతి

1. పంచదారను రెండు లీటర్ల నీటిలో వేసి ఒక పొంగు రానిచ్చి, వడగట్టి చల్లార్చుడు.

2. పండ్లను కడిగి, తొక్క, టెంక తీసి, గుజ్జును మెత్తగా చిలికి పలుచని బట్టలో వడగట్టుడు. ఇది ముఖ్యము. పీచు, పలుకులు మిగిలినచో వాయువు వాటిచుట్టు బుడగలై చేరి తప్పించుకొనిపోవును. నురుగు పొర్లి రసము నేలపాలగును.

3. అల్లము దంచి రసము పిండి, కొంతసేపు కదలక యుంచి, పైతేట మాత్రము తీసికొనుడు.

4. గుజ్జు, పాకము, నిమ్మరసము, అల్లపుతేట, ఉప్పు కలిపి, నీరు చేర్చి 10 లీటర్లు చేయుడు. మూతపెట్టి మంచుతొట్టిలో కనీసము రెండు గంటలుంచుడు. వీలైన రాత్రి ఫ్రిజ్జులో నుంచి ఉదయము తీయుట మరియు మంచిది.

5. చుట్టములు కూర్చున్న పిదపనే సోడా కలుపవలెను. గ్లాసులో సగము రసము పోసి, గ్లాసును వాల్చి అంచువెంట మెల్లగా సోడా పోసి, ఒక్కసారి మాత్రము త్రిప్పి, పుదీనా ఆకు వేసి అందించుడు. పెద్ద పాత్రలో కలుపవలసివచ్చిన, ఒక్కొక్క పంక్తికి సరిపడునంతే కలుపుడు. గంగాళమంతయు ఒకేసారి కలిపినచో మొదటి పంక్తికి పొంగు, చివరి పంక్తికి చప్పనీరు మిగులును.

కలిపిన రసము మంచుతొట్టిలో నున్నను నాలుగు గంటలకు మించి వాడరాదు. రసము తానుగా నురుగుకట్టి పొంగుచున్నచో అది సోడా పొంగు కాదు, పులిసిన గుర్తు. పారబోయుడు. అటువంటి రసమును గాజుసీసాలలో బిగించిన సీసాలు పగిలి గాయములగును.

తినేసోడా, నిమ్మరసము కలిపియు పొంగు తెప్పించవచ్చును. కాని ఆ పొంగు నిమిషములో అణగిపోయి ఉప్పురుచి మిగులును. విందునకు అది తగదు.

ఈ నడుమ కొన్ని విందులలో పొగలు గ్రక్కు పానీయములు చూపుచున్నారు. ఆ పొగ డ్రై ఐస్ వలన గాని, ద్రవ నైట్రోజన్ వలన గాని వచ్చును. డ్రై ఐస్ సున్నకు 78 డిగ్రీలు దిగువ చల్లదనము గలది. 2024 మార్చిలో గురుగ్రామ్‌లోని ఒక భోజనశాలలో దానిని నోటిని శుభ్రపరచు పదార్థమనుకొని నోటవేసికొనినవారు రక్తము కక్కుకొని ఆసుపత్రి పాలైరి. పిల్లలు తిరుగు పందిరిలోనికి దానిని రానీయకుడు.

రాలిన కాయల ఉపయోగము

ఈదురుగాలికి రాలిన పచ్చికాయలను వ్యాపారి అడిగిన ధరకు తెగనమ్ముకొనుటకు మునుపు పెండ్లివారి ఇంటివైపు చూడుడు. దెబ్బతిన్న భాగము కోసివేసి, కాయలను ఉడికించి గుజ్జు తీయవలెను. నూరుమందికి 2 కిలోల గుజ్జు, 3 కిలోల బెల్లము, వేయించి పొడిచేసిన జీలకర్ర 30 గ్రాములు, తగినంత ఉప్పు, నీరు చేర్చి 10 లీటర్లు చేసి వడగట్టి, పైన చెప్పినట్లే చల్లార్చి అంతే సోడా కలుపుడు. దీనికి నిమ్మకాయలతో పనిలేదు. బెల్లమును ముందుగా కరగించి వడగట్టుట మరువరాదు.

వానకాలపు నిమ్మ – వేసవి పెండ్లికి

నిమ్మ వానకాలములో చవుక, వేసవిలో ప్రియము. తోటగలవారు చవుక దినములలోనే స్క్వాష్ చేసి నిలువయుంచుకొనవచ్చును. 2 కిలోల పంచదారను లీటరు నీటిలో కాచి, వడగట్టి, పూర్తిగా చల్లారిన పిదప లీటరు నిమ్మరసము కలుపుడు. ఈ 4 కిలోల సరుకునకు 2.4 గ్రాముల పొటాషియం మెటాబైసల్ఫైటును త్రాసులో తూచి, కొద్ది రసములో కరగించి కలిపి, మరగించిన గాజుసీసాలలో పోసి బిగించుడు. మందును కంటితో అంచనా వేయరాదు. ఉబ్బసము గలవారికి ఇది పడకపోవచ్చును గనుక వారికి అప్పటికప్పుడు పిండిన రసమునే ఇయ్యవలెను. ఈ స్క్వాష్ ఒక పాలునకు నాలుగు పాళ్ళు చల్లని సోడా సరిపోవును. ఒకటింబావు లీటరు నిమ్మరసముతో చేసినది నూరుమందికి చాలును.

గ్రామాధికారులకు

పంచాయతీ కార్యదర్శులు, వ్యవసాయ విస్తరణాధికారులు, ఆశా కార్యకర్తలు పెండ్లిళ్ళ దినములలో రెండు పనులు చేయవచ్చును. మంచినీటి ట్యాంకులో క్లోరిను చేరుచున్నదో లేదో పరీక్షించుట ఒకటి. పెండ్లివారిని కలిసి, మంచు ఎక్కడిదో, రసము ఏ పాత్రలో కలుపుదురో అడిగి తెలిసికొనుట రెండవది. విందైన మరునాడు పలువురికి విరేచనములైనచో ఆలస్యము చేయక ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు తెలుపుడు. రోగికి ఓ.ఆర్.ఎస్. నీరు త్రాగించుచుండవలెను.

రైతు సోదరులారా! ఈ పానీయమునకు కావలసిన పండు మీ తోటలో నున్నది, బెల్లము, అల్లము, పుదీనా ఊరిలోనే దొరకును. బయటినుండి కొనవలసినది సోడా, కొంచెము పంచదార, తొట్టిలోనికి మంచు. నీరు కాచుడు, మంచును వెలుపలనే ఉంచుడు, సోడాను చివరనే కలుపుడు. అప్పుడు మీ పందిరిలో త్రాగిన చుట్టము మరునాడు కూడ సుఖముగా లేచి మీ తోట మామిడినే తలచుకొనును.