ఆరోగ్యానికి మొదటి మెట్టు ఆస్పత్రి కాదు, బావి!

మూడు ఊళ్లకు కావలసింది సొంత ఆరోగ్య ప్రణాళిక

రాయలసీమ పల్లెల్లోని పెద్దలకు నారికురుపు గుర్తుండే ఉంటుంది. కాలిపై చిన్న బొబ్బ లేచేది. అది పగిలి, తెల్లని దారం వంటి పురుగు తల బయటపెట్టేది. దాన్ని పుల్లకు చుట్టి రోజుకు కొంత చొప్పున లాగుతూ వారాల తరబడి మంచాన పడి ఉండేవారు. సేద్యం పనుల రోజుల్లో ఇంటి పెద్ద మంచం పడితే ఆ ఏడు ఆ ఇంట పస్తులే.

ఆ జబ్బుకు టీకా లేదు, మందూ లేదు. అయినా అది పోయింది. రోగి దిగుడుబావిలో కాలు పెడితే పిల్లపురుగులు నీటిలోకి చేరేవి. ఆ నీరు తాగినవారికి ఏడాది తర్వాత కురుపు లేచేది. 1983-84లో జాతీయ నిర్మూలన కార్యక్రమం మొదలైంది. దిగుడుబావుల్లోకి దిగకుండా చేశారు. చేతిపంపులు వేశారు. నీటిని గుడ్డతో వడకట్టుకోవడం నేర్పారు. దేశంలో చివరి కేసు 1996లో నమోదైంది. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశానికి విముక్తి పత్రం ఇచ్చింది.

వైద్యం విషయంలో ఈ ప్రాంతానికి మంచి చరిత్రే ఉంది. జమ్మలమడుగులో లండన్ మిషనరీల కాలం నాటి క్యాంబెల్ ఆస్పత్రి ఉంది. అక్కడ కొంతకాలం పనిచేసిన డాక్టర్ వై.ఎస్. రాజశేఖరరెడ్డి 1973లో పులివెందులలో తండ్రి పేర 70 పడకల ధర్మాస్పత్రిని నెలకొల్పారు. ప్రొద్దుటూరులో జిల్లా ఆస్పత్రి ఉంది. కానీ ఆస్పత్రి చూసేది జబ్బుపడి వచ్చినవారిని. జబ్బు ఎక్కడ పుడుతోందో చూసేదెవరు?

పులివెందుల: బోరు లోతులో ముప్పు

ఇక్కడ వాన తక్కువ. బోర్లు ఏటికేడు లోతుకు పోయాయి. గట్టి రాతి పొరల్లోని నీటిలో కొన్నిచోట్ల ఫ్లోరైడు ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ముందు పిల్లల పళ్లకు గారపడుతుంది. ఏళ్ల తరబడి అదే నీరు తాగితే నడుము, మోకాళ్లు బిగుసుకుపోతాయి. నీళ్లు కాచినంత మాత్రాన ఫ్లోరైడు పోదు. ఈ జబ్బు దేశంలో మొదట బయటపడింది మన పొరుగునే. 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో దాన్ని గుర్తించారు.

తుమ్మలపల్లెలో యురేనియం కర్మాగారానికి 2007లో శంకుస్థాపన జరిగింది. ఆ తర్వాతి కాలంలో బోరు నీరు పాడైందని చుట్టుపక్కల రైతులు ఫిర్యాదు చేశారు. సంస్థ ఆ ఆరోపణను కాదంది. వాదన తేలే మార్గం ఒక్కటే. నీటిని క్రమం తప్పకుండా పరీక్షించి, ఫలితాలు ఊరందరికీ తెలియజేయాలి.

పులివెందుల ప్రాంతంలో రాతినార గనులు కూడా నడిచాయి. ఆ దుమ్ము తెచ్చే జబ్బు ఇరవై, ముప్పై ఏళ్లకు గాని బయటపడదు. అందుకే రాతినార కార్మికుల ఆరోగ్య రికార్డులను పనిలో చేరిన నాటి నుంచి 40 ఏళ్లు, లేదా పని మానేశాక 15 ఏళ్లు, ఏది తర్వాతైతే అంతవరకు భద్రపరచాలని సుప్రీంకోర్టు 1995లో ఆదేశించింది.

జమ్మలమడుగు: రాతి పొడి

జమ్మలమడుగు, ఎర్రగుంట్ల ప్రాంతాల్లో నాపరాయి వేల ఇళ్లకు తిండి పెడుతోంది. అదే రాతి పొడి ఊపిరితిత్తుల్లోకీ పోతోంది. కోతకోసేటప్పుడు నీళ్లు పారిస్తే దుమ్ము అణుగుతుంది. ముక్కుకు కట్టుకునే పాత తువ్వాలు సన్నటి పొడిని ఆపలేదు.

ప్రొద్దుటూరు: మగ్గం గుంట, కంసాలి కుంపటి

బంగారం వ్యాపారానికి పేరుపడ్డ ఈ ఊరిలో ఆ నగ చేసే కంసాలి ఆమ్లపు పొగ పీలుస్తూ పనిచేయాలి. గుంట మగ్గంలో పొద్దంతా కూర్చునే నేతగాడికి నడుము నొప్పి, చూపు మందగించడం వృత్తితో పాటు వచ్చే కానుకలు. పత్తి మిల్లుల్లో దూది దుమ్ము సరేసరి. ఇవేవీ అంటురోగాలు కావు. అందుకే లెక్కలోకి రావు.

ఏం చేయాలి?

ఒక్కో ఊరి జబ్బు ఒక్కో రకం. హైదరాబాదులోనో అమరావతిలోనో రాసిన ఒకే కాగితం మూడింటికీ సరిపోదు. ఊరే ప్రణాళిక రాసుకునే వీలు ఇప్పటికే ఉంది. 1992 నాటి రాజ్యాంగ సవరణ తాగునీరు, పారిశుద్ధ్యం, ఆరోగ్యం పంచాయతీలకు అప్పగించదగ్గ విషయాల జాబితాలో చేర్చింది. 2005లో వచ్చిన గ్రామీణ ఆరోగ్య మిషన్ కింద గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య కమిటీలు ఏర్పడ్డాయి. వాటికి ఏటా 10 వేల రూపాయల నిధికి ఏర్పాటు జరిగింది. 2019లో మొదలైన జలజీవన్ మిషన్ ఊరికి అయిదుగురు మహిళలకు నీటి పరీక్ష నేర్పాలంది.

కనుక మొదటి పని: ప్రతి బోరు నీటినీ ఏటా రెండుసార్లు, వానలకు ముందొకసారి, తర్వాతొకసారి పరీక్షించి, ఫలితం సచివాలయం గోడపై అంటించాలి. రెండో పని: నేత, నాపరాయి, కంసాలి, గని కార్మికుల జాబితా వృత్తుల వారీగా రాసి, ఏడాదికొకసారి ఊపిరితిత్తులు, చూపు పరీక్షించాలి. మూడో పని: ఆ రికార్డు కార్మికుడి చేతికే ఇవ్వాలి. పని మారినా, ఊరు మారినా అది అతనితోనే ఉండాలి.

ఇందుకు కోట్లు అక్కరలేదు. కమిటీ నెలకొకసారి కూర్చోవాలి, లెక్క రాయాలి, రాసినది చదివి వినిపించాలి. అధికారులు ఇందుకు చొరవ చూపాలి. వారు ఆలస్యం చేస్తే గ్రామసభలో ప్రజలే అడగాలి. మందు లేని నారికురుపునే తరిమిన పల్లెలకు ఇది చేతకాని పని కాదు.