కణమునకు కావలివాడు

మానవుని శరీరము సుమారు 30 లక్షల కోట్ల కణములతో నిర్మితమైనది. చర్మమునందును, ప్రేగులయందును, రక్తమునందును ప్రతిదినము పాతకణములు నశించుచుండును. వాని స్థానమున క్రొత్తవి పుట్టుచుండును. ఒక కణము రెండుగా చీలుటయే ఈ పుట్టుకకు మార్గము. చీలుటకు ముందు కణము తనలోని డి.ఎన్.ఏ. అను పొడవైన అణువునకు ప్రతిని వ్రాసికొనును. శరీరములో ఏ పని ఎప్పుడు జరుగవలెనో తెలుపు ఆజ్ఞలు అందు లిఖింపబడియున్నవి. ఆ ఆజ్ఞలలో ఒక్కొక్క దానికి జన్యువని పేరు. తాటాకు గ్రంథమునకు ప్రతి వ్రాయు లేఖకుని చేతిలో అక్కడక్కడ తప్పులు దొర్లినట్లే ఈ ప్రతియందును తప్పులు దొర్లును. ఇదిగాక తీవ్రమైన ఎండ, ఎక్సు కిరణములు, పొగాకు పొగ మున్నగునవి డి.ఎన్.ఏ.ను గాయపరచుచుండును.

ఈ తప్పులు కొన్ని దిద్దబడక మిగిలినచో కణము అదుపు తప్పును. ఆగవలసినచోట ఆగక చీలుచునే యుండును. అట్టి కణముల గుంపే కంతి. ఆ కంతి చుట్టుప్రక్కల భాగములలోనికి చొచ్చుకొనిపోయి, రక్తమార్గమున దూరప్రదేశములకు ప్రాకినచో దానిని క్యాన్సరు అందురు. ఇన్ని కణములలో ఇన్ని తప్పులు జరుగుచున్నను చాలమంది చాలకాలము ఆరోగ్యముతో నుండుటకు కారణమేమి? ప్రతి కణములోను కావలివారు కలరు. వారికి కంతినిరోధక మాంసకృత్తులని పేరు. వారిలో మిక్కిలి ప్రసిద్ధమైనది పి-53.

ఈ కావలివాని చరిత్ర విచిత్రమైనది. 1979వ సంవత్సరమున లండను నగరములో డేవిడ్ లేన్, లయొనెల్ క్రాఫర్డ్ అను శాస్త్రజ్ఞులును, అమెరికాలో ఆర్నల్డ్ లెవిన్ మొదలగువారును దీనిని వేర్వేరుగా కనుగొనిరి. దీని అణుభారము 53,000 అని తోచుటచే దీనికా పేరు వచ్చినది. పిమ్మట సరిగా లెక్కింపగా భారము దాదాపు 43,700 మాత్రమేయని తేలినది. పేరు మాత్రము మారలేదు.

పేరు విషయమున జరిగినది చిన్న పొరపాటు. అంతకంటె పెద్ద పొరపాటు మరియొకటి జరిగినది. క్యాన్సరు కణములలో పి-53 విస్తారముగా కనబడుచుండెను. దాని జన్యువును ఆరోగ్యకరమైన కణములలో ప్రవేశపెట్టగా అవి కంతి కణములుగా మారుటకు అది తోడ్పడెను. కావున దొంగతనము జరిగినచోట పట్టుబడినవాడే దొంగ యనినట్లు, క్యాన్సరును పుట్టించునది ఈ పి-53 యేయని పదేండ్లు తలచిరి. 1989లో నిజము బయటపడినది. పూర్వపు ప్రయోగములలో వాడిన జన్యువు చెడిపోయినది! చెడని జన్యువును ప్రవేశపెట్టి చూడగా అది కంతిని పెంచుటకు మారుగా అణచివైచినది. అదే సంవత్సరమున బెర్ట్ వోగెల్‌స్టైన్ బృందము పెద్దప్రేగు క్యాన్సరులలో ఈ జన్యువు చెడియుండుటను చూపెను. దొంగ యనుకొన్నవాడు కావలివాడేయని లోకమునకు తెలిసినది. తమ తప్పును తామే పరీక్షించి దిద్దుకొనుట శాస్త్రజ్ఞుల ధర్మము.

పి-53 నిర్మాణము చూడదగినది. అమైనో ఆమ్లములను పూసలవలె గ్రుచ్చిన దండయే మాంసకృత్తు. పి-53 దండలో 393 పూసలు కలవు. దీని మొదటి భాగము ఇతర అణువులకు సంజ్ఞలిచ్చును. నడిమి భాగము డి.ఎన్.ఏ.ను పట్టుకొనును. చివర నున్న భాగము తనవంటి అణువులతో చేతులు కలుపును. నడిమి భాగము సడలిపోకుండ ఒక జింకు పరమాణువు ముడివలె నిలుపుచున్నది. 1994లో నికోలా పావ్లెటిచ్ బృందము ఎక్సు కిరణముల సాయమున ఈ నడిమి భాగము డి.ఎన్.ఏ.ను ఎట్లు పట్టుకొనునో చిత్రించెను. అప్పుడొక సత్యము వెల్లడియైనది. క్యాన్సరులలో తరచుగా చెడియుండు 248వ పూస, 273వ పూస డి.ఎన్.ఏ.ను తాకు వ్రేళ్లవంటివే. వ్రేళ్లు పోయిన చేయి పట్టుకొనజాలదు కదా!

కణము క్షేమముగా నున్నంతకాలము ఈ కావలివానికి పని లేదు. ఎం.డి.ఎం.-2 అను మరియొక మాంసకృత్తు, పుట్టిన పి-53ను పుట్టినట్లే నాశనము చేయించుచుండును. డి.ఎన్.ఏ.కు గాయము కాగానే పి-53 దాని పట్టునుండి తప్పించుకొని కణములో పోగగును. నాలుగు అణువులు ఒక జట్టుగా కూడి డి.ఎన్.ఏ.ను పట్టుకొని, నిద్రించుచున్న కొన్ని జన్యువులను మేల్కొల్పును. వానిలో నొకటి పి-21 అను మాంసకృత్తును పుట్టించి కణము చీలుటను ఆపును. ఆ విరామములో గాయము మానినచో కణము మరల తన పనికి పూనుకొనును. గాయము మానరానిదైనచో కణము తన్ను తాను అంతము చేసికొనునట్లు పి-53 ఆజ్ఞాపించును. ఒక్క కణము మరణించి శరీరమునంతను కాపాడును.

మానవుల క్యాన్సరులలో సుమారు సగమునందు పి-53 జన్యువు చెడియున్నది. నలుగురు బోయీలు మోయు పల్లకిలో ఒకడు తడబడినను పల్లకి ఒరిగినట్లు, నలుగురి జట్టులో చెడిన అణువొకటి చేరినను పని కుంటుపడును. చెడిన పి-53 కొన్నిచోట్ల కంతి పెరుగుటకే తోడ్పడును. కంచె చేను మేసినట్లనుట ఇట్టిదానికే తగును.

ఈ సందర్భమున ఏనుగును తలచుకొనవలెను. అంతటి దేహములో కణములు అత్యధికము. అయినను ఏనుగులు క్యాన్సరుచే మరణించుట అరుదు. మానవునికి పి-53 జన్యువు తల్లినుండి ఒకటి, తండ్రినుండి ఒకటి, మొత్తము రెండు ప్రతులు మాత్రమే లభించును. ఏనుగునకు ఇట్టివి సుమారు 40 కలవని 2015లో తెలిసినది. అన్నియు పూర్తిరూపము కలవి కాకున్నను, గాయపడిన కణమును తొలగించుటలో ఏనుగు శరీరము మిక్కిలి చురుకైనది.

రెండే ప్రతులు గల మానవుడు వానిని భద్రపరచుకొనవలదా? పొగాకు పొగలోని బెంజోపైరీను అను పదార్థము దేహములో మార్పు చెంది పి-53 జన్యువునకు అంటుకొనుననియు, ఊపిరితిత్తుల క్యాన్సరులో తరచుగా చెడియుండు స్థానములనే అది ముఖ్యముగా పట్టుకొనుననియు 1996లో ఋజువైనది. చుట్టగాని, బీడీగాని, సిగరెట్టుగాని కాల్చువాడు తన ఇంటి కావలివానిని తన చేతితోనే కొట్టుచున్నాడు. కావలివాడు రేయింబవళ్లు మేల్కొనియే యున్నాడు. వానికి హాని చేయకుండుట ఇంటివాని కర్తవ్యము.