విదేశ ప్రయాణం – చేతిలో రెండో ఆధారం

మా తరిగొప్పుల వదిన కిందటేడు కూతురి పురిటికి డాలస్ బయలుదేరింది. క్రెడిట్ కార్డు తీసుకోమంటే, "అప్పు కార్డు మనకెందుకు? బ్యాంకుల పైసలున్నయి గద!" అంది. దారిలో రెండో విమానం తప్పింది. హోటల్లో ఆమె డెబిట్ కార్డు చెల్లలేదు. పాపం, తెల్లవార్లూ విమానాశ్రయంలో కుర్చీలోనే కూర్చుంది. డబ్బు లేకనా? కాదు. 2020లో రిజర్వు బ్యాంకు పెట్టిన నిబంధన ప్రకారం కొత్త కార్డు మన దేశంలోనే పనిచేస్తుంది. బయట పనిచేయాలంటే మనమే తెరిపించుకోవాలి. క్రెడిట్ కార్డుకైనా అంతే సుమండీ.

మరి అది ఎందుకంటారా? హోటలువాళ్లు ముందుగా కొంత సొమ్ము ఆపి ఉంచుతారు. డెబిట్ కార్డయితే ఆగేది మన సొంత డబ్బు. క్రెడిట్ కార్డయితే బ్యాంకు ఇచ్చిన పరిమితిలోంచి ఆగుతుంది, మన రొక్కం మనకుంటుంది.

జీతం లేని ఇల్లాలికి ఎవరిస్తారని దిగులుపడకండి. ఫిక్సెడ్ డిపాజిట్ చూపితే చాలా బ్యాంకులు ఇస్తాయి. ఇదేమీ కొత్త వింత కాదు, మన ఆంధ్రా బ్యాంకు 1981లోనే క్రెడిట్ కార్డులిచ్చింది. ప్రయాణానికి రెండు నెలల ముందే తీసుకుని, కిరాణాకొట్లో ఒకసారి వాడి చూడండి.

దాంతో నగదు మాత్రం తీయకండి, వడ్డీ ఆ రోజునుంచే మొదలు. బిల్లులో "కనీస మొత్తం" అని కనబడేదే కట్టి ఊరుకుంటే మిగతాదానిమీద వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. గడువులోగా మొత్తం కట్టేయాలి.

బ్యాంకు ఫోను నంబరు కార్డు వెనకాలే ఉంటుంది. కార్డు పోతే నంబరూ పోయినట్టే. వేరే కాగితంమీద రాసి, పర్సులో కాకుండా బట్టలపెట్టెలో పెట్టుకోండి.