విహారవాహనము – మరమ్మతు

ఇబ్రహీంపట్నము మీదుగా నాగార్జునసాగరమునకు సకుటుంబముగా వ్యానులో బయలుదేరువారికి నమ్మదగిన మెకానిక్కు ముఖ్యము. బ్రేకు సరిగా పనిచేయనిచో పోవునది సొమ్ము మాత్రమే కాదు. కావున బండి నప్పగించుటకు ముందే చేయవలసిన పనులను, విడిభాగముల వెలను, కూలిని వేరువేరుగా వ్రాయించుకొనుడు. అంచనా మించునెడల ముందుగా తెలుపుమనుడు. తీసివేసిన పాత భాగములను అడిగి చూడుడు. నిజముగా మార్చినదీ లేనిదీ అప్పుడే తెలియును.

బిల్లు తప్పక తీసికొనుడు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము బిల్లు ఇయ్య నిరాకరించుట అనుచిత వ్యాపార పద్ధతి. సేవలో లోపమున్నచో 2 సంవత్సరములలోగా జిల్లా వినియోగదారుల కమిషనుకు ఫిర్యాదు చేయవచ్చును. 1915 నంబరునకు ఫోను చేసి సలహాయు పొందవచ్చును.

మంచి పనివాడు దొరికినప్పుడు మాత్రము న్యాయమైన కూలికి బేరమాడకుడు. అట్టివానిని నిలుపుకొనుట మన చేతిలోనే యున్నది.