విరిగిన రెక్క నేర్పు పాఠము

సికిందరాబాదు వాసులకు విమానము వింత వస్తువు కాదు. నిజాము ప్రభుత్వ కాలమున, 1930ల దశాబ్దిలో, బేగంపేటలో విమానాశ్రయము వెలసినది మొదలు ఈ జంటనగరముల పిల్లలు మేడలమీదను మైదానములలోను నిలిచి తలలెత్తి చూచుటకు అలవాటు పడిరి. దక్కన్ ఎయిర్‌వేస్ సంస్థవారి డకోటా విమానములు ఇచ్చటినుండియే ఎగిరెడివి. 1953లో విమానయానము జాతీయమైనప్పుడు ఆ సంస్థ ఇండియన్ ఎయిర్‌లైన్సులో కలిసిపోయినది. 2008 మార్చిలో ప్రయాణికుల విమానములు శంషాబాదునకు తరలిపోయినవి. ఐనను ఇటు బేగంపేట, అటు హకీంపేట, ఆవల దుండిగల్లు వైమానికదళ స్థావరములుగా నిలిచియున్నవి. కనుక ఈ ఊరి ఆకాశము నేటికిని మూగవోలేదు.

అట్టి ఊరిలో పిల్లలు విమానమును చూచి ఊరకుండరు. తామును ఒకటి చేయవలెనని ఉబలాటపడుదురు. ఆ ఉబలాటమునకు ఒక పద్ధతి కల్పించినది ఎన్.సి.సి. ఆ సంస్థ 1948లో ఏర్పడగా, దాని వైమానిక విభాగము 1950లో మొదలైనది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములకు సంబంధించిన ఎన్.సి.సి. డైరెక్టరేటు సికిందరాబాదులోనే కలదు. వైమానిక విభాగపు విద్యార్థుల శిక్షణలో ఏరోమోడలింగ్, అనగా నమూనా విమానముల నిర్మాణము, ఒక భాగము. చూచుటకు మాత్రమే పనికివచ్చు నమూనాలు, చేతితో విసరిన గాలిలో తేలిపోవు గ్లైడర్లు, తీగ పట్టుకొని చుట్టును త్రిప్పు యంత్ర నమూనాలు, రేడియోతో నడుపునవి అని వీనిలో పలు తెగలు గలవు.

బొమ్మకును నమూనాకును భేదమున్నది. బొమ్మ విమానమును పోలియున్న చాలును. నమూనా కొలతకు లోబడియుండవలెను. ఉదాహరణమునకు హెచ్.టి.2 అను శిక్షణ విమానమును తీసికొందము. బెంగుళూరులోని హిందుస్థాన్ విమాన కర్మాగారమున, వి.ఎం. ఘాటగే నాయకత్వమున రూపొంది, 1951లో తొలిసారి ఎగిరిన విమానమిది. దీని రెక్కల పొడవు ఒక కొననుండి మరియొక కొనకు 10.7 మీటర్లు. పదవవంతు నమూనా చేయదలచిన విద్యార్థికి రెక్కల పొడవు 107 సెంటీమీటర్లు వచ్చును. ఇంతవరకు లెక్క సులభము. కాని పొడవు పదవవంతైనప్పుడు రెక్క వైశాల్యము నూరవవంతగును, ఘనపరిమాణము వేయవవంతగును. నిండు బరువు దాదాపు వేయి కిలోలుగల ఆ విమానమునకు సరిపోలిన నమూనా ఒక కిలో దాటరాదు. ఆ కిలోలోనే కర్ర, కాగితము, జిగురు, రంగు, చక్రములు, యంత్రము అన్నియు ఇముడవలెను. విద్యార్థి కష్టములన్నియు ఇచ్చటనే పుట్టుచున్నవి. గట్టిగా చేసిన బరువెక్కును. తేలికగా చేసిన విరుగును.

తేలికదనమునకై వాడు కర్ర బాల్సా. దక్షిణ అమెరికా అడవులలో, ముఖ్యముగా ఈక్వెడారులో, ఇది విరివిగా లభించును. మనకిది దూరపు చుట్టమైనను దీని తమ్ముని వంటి కర్ర మన ఇంటనే యున్నది. కొండపల్లి బొమ్మలకును నిర్మల బొమ్మలకును వాడు పొణికి కర్ర మెత్తనిది, తేలికైనది, కత్తికి లొంగునది. కొండపల్లి కళాకారులు ఏనుగునకు తొండమును, అంబారీని, మావటివానిని విడివిడిగా చెక్కి, రంపపు పొట్టును చింతగింజల పిండితో కలిపిన మక్కుతో అతుకుదురు. సందు పూడ్చుటకును, వంపు దిద్దుటకును ఆ మక్కే సాధనము. అతుకు కనబడకుండుట వారి నేర్పు. అతుకు ఊడకుండుట అంతకంటె గొప్ప నేర్పు. విమాన నమూనా చేయు విద్యార్థికి కావలసినది ఈ రెండవ నేర్పు.

నిర్మాణమున మొదటి విఘ్నము బల్లమీదనే ఎదురగును. పటమును బల్లపై పరచి, దానిపై బద్దలను గుండుసూదులతో నిలిపి, రెక్క పక్కటెముకలను ఒక్కొక్కటిగా అతుకుదురు. జిగురు పూర్తిగా ఆరకమునుపే సూదులు తీసినచో రెక్క మెలిపడును. “ఆలస్యము అమృతమును విషము చేయు”నన్న సామెత జిగురు పట్ల చెల్లదు. ఇచ్చట ఆలస్యమే అమృతము. రెండవ విఘ్నము వర్షాకాలపు తేమ. కర్ర తేమను పీల్చి ఉబ్బును, ఎండలో సన్నగిల్లును. రెక్కపై పరచిన పలుచని కాగితము నీటి తుంపరకును, ఆపై పూసిన డోపు అను వార్నిషునకును బిగిసి, బలహీనమైన చట్రమును తనవైపు లాగుకొనును. నిన్న సమముగానున్న రెక్క నేడు తమలపాకువలె వంగియుండును. దీనికి మందు కలదు. ఆవిరిపై రెక్కను వేడిచేసి, వంగిన దిక్కునకు ఎదురుగా మెల్లగా మెలిపెట్టి, బల్లపై బరువులుంచి ఆరనీయవలెను. తొందరపడిన విరుగును, ఓపిక పట్టిన సరియగును.

ఇది పిల్లల ఆటలోని చిక్కు మాత్రమే అనుకొనరాదు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున బ్రిటిషువారు కర్రతో చేసిన మస్కిటో అను యుద్ధవిమానమున్నది. దాని మొండెము పలుచని ప్లైవుడ్ పొరల నడుమ బాల్సా నుంచి చేసినది. 1944లో భారతదేశమున పనిచేయుచున్న కొన్ని మస్కిటోలు రెక్కల కూర్పు చెడి కూలిపోయినవి, ప్రాణనష్టమును జరిగినది. మొదట జిగురును, వర్షాకాలపు తేమను అనుమానించిరి. తరువాతి విచారణలో రెక్కల తయారీలోనే లోపమున్నదనియు, అతుకులు కొన్ని సరిగా కుదురలేదనియు తేలినది. అప్పుడు చేసిన మరమ్మతు ఏమి? రెక్కకు వెన్నెముకవంటి స్పార్ అను బద్ద వెంబడి అతుకుపై ఒక ప్లైవుడ్ పట్టీని చేర్చుట. నేడు మన విద్యార్థి విరిగిన బద్దకు ప్రక్కన మరియొక సన్నబద్దను చేర్చి అతుకుచున్నాడు. కొలత వేరు, పని ఒక్కటే. అతుకు సరిగా పట్టినదా లేదా అను ప్రశ్న పిల్లవానికి ఒక సాయంకాలపు వినోదముతో పోవును. పెద్ద విమానమున మనుష్యుల ప్రాణములతో ముడిపడియుండును. కనుకనే ఆ ప్రశ్నను చిన్ననాడే వేసికొనుట మేలు.

రెండవ పరీక్ష మైదానమున జరుగును. ఎత్తైన గడ్డిపై నమూనాను చేతితో మెల్లగా విసరి చూతురు. తోక బరువైనచో అది ముక్కు పైకెత్తి, క్షణకాలము ఆగి, దభాలున పడును. ముక్కు బరువైనచో తిన్నగా నేలకు పొడుచుకొనును. ఎట్లు పడినను ఏదో ఒకటి విరుగును. అప్పుడు విరిగినచోట కర్రను అడ్డముగా కోసి కొనకు కొన తాకించి అతుకుట అందరికిని తోచు మార్గము. అది నిలువదు. కర్ర కొన జిగురును పీల్చివేయును; అతుకు స్థలమును చాలదు. కలమునకు పాళీ చెక్కినట్లు రెండు కొనలను ఏటవాలుగా కోసి, ఒకదానిపై నొకటి పరుండునట్లు చేర్చినచో జిగురు పట్టు చోటు పెరుగును. ఆ అతుకు తరచుగా ప్రక్కనున్న మామూలు కర్రకంటె గట్టిగా నుండును.

ఐనను మరమ్మతు అంతటితో ముగియదు. ఇచ్చటనే అసలు పాఠమున్నది. తోకను అతికిన జిగురు, కొత్తబద్ద కలిసి 2 గ్రాములు పెరిగిన వనుకొందము. తోక గరిమనాభికి 60 సెంటీమీటర్లు వెనుక నున్నది. ముక్కు 20 సెంటీమీటర్లు ముందున్నది. త్రాసుకాడ న్యాయము ననుసరించి తూకము నిలుపుటకు ముక్కులో 6 గ్రాముల సీసము చేర్చవలెను. రెండు గ్రాముల మరమ్మతు మొత్తముమీద ఎనిమిది గ్రాముల బరువైనది. అనగా ఒకచోట చేసిన దిద్దుబాటు వస్తువునంతటిని తాకును. విరిగినచోటు మాత్రమే చూచువాడు మరల విరుగగొట్టుకొనును. మొత్తమును చూచువాడు ఎగురవేయును. రెక్కను, తోకను, బరువును ఒక్కసారిగా మార్చినవానికి దేనివలన బాగుపడినదో తెలియదు. ఒకమారు ఒక్కదానినే మార్చి, విసరి, చూచి, వ్రాసికొనవలెను. భౌతికశాస్త్ర ప్రయోగశాలలో చెప్పు నియమమే ఇది.

ఈ జ్ఞానము మన పిల్లలకు బొత్తిగా కొత్తది కాదు. సంక్రాంతి దినములలో సికిందరాబాదు పరేడ్ మైదానమునను, గల్లీలలోని మేడలమీదను పతంగులు ఎగురవేయు పిల్లలను చూడుడు. చినిగిన పతంగికి అన్నపు మెతుకులతో కాగితపు ముక్క నతికి, అది ఒకవైపు ఒరిగినచో రెండవవైపున ఒక చిన్న పీలిక కట్టి తూకము దిద్దుదురు. ఎవరును వారికి గరిమనాభి యను మాట చెప్పియుండలేదు. చినిగిన పతంగి వారికి ఆ మాట అర్థమును ముందుగనే నేర్పినది.

ప్రపంచమున విమానము పుట్టిన కథయు ఇట్టిదే. 1871లో ఫ్రెంచి దేశస్థుడగు అల్ఫోన్స్ పెనో రబ్బరు మెలికతో తిరుగు పంఖము గల చిన్న నమూనాను పారిసులో ఎగురవేసెను. ఆతడు చేసిన మరియొక రబ్బరు బొమ్మ, నిలువుగా పైకెగురునది, 1878లో అమెరికాలోని రైటు సోదరుల ఇంటికి చేరినది. తండ్రి తెచ్చియిచ్చిన ఆ బొమ్మతో విల్బరు, ఆర్విల్లు అది విరుగువరకు ఆడుకొనిరి. విరిగిన తరువాత కొత్తది కొనిపెట్టుమని ఏడ్వలేదు. తామే అట్టివి చేసికొనిరి. పెద్దవిగా చేసినకొలది అవి సరిగా ఎగురలేదు. పొడవునకు, బరువునకు గల ఆ కఠిన సంబంధము వారికి మొదటిసారి ఎదురైనది అప్పుడే.

పెద్దవారైన పిదప 1901లో వారి గ్లైడరు లెక్కలో తేలినంత బరువును ఎత్తలేకపోయినది. వారు లెక్కనే శంకించిరి. గాలిని ప్రవహింపజేయు ఒక పెట్టెను నిర్మించి, సుమారు రెండువందల చిన్నరెక్కల నమూనాలను పరీక్షించి సరియైన కొలతలు సంపాదించిరి. 1903 నవంబరులో పంఖపు ఇరుసు పగిలినది. ఆర్విల్లు ఊరికి పోయి గట్టి ఉక్కు ఇరుసులు చేయించుకొని వచ్చెను. డిసెంబరు 14న తొలి ప్రయత్నమున విమానము లేచి, వెంటనే నేలకు తగిలి దెబ్బతిన్నది. మూడు దినములలో బాగుచేసిరి. డిసెంబరు 17న అది ఎగిరినది. చరిత్రలో నిలిచిన ఆ విమానము మరమ్మతు చేసిన విమానమని మన పాఠ్యపుస్తకములు సాధారణముగా చెప్పవు. చెప్పదగిన సంగతి అదియే.

అదే కాలమున శామ్యూల్ లాంగ్లీ యను పండితుడు 1896లోనే మనుష్యుడు లేని నమూనాను దాదాపు కిలోమీటరు దూరము ఎగురవేసి కీర్తి గడించెను. దానిని మనుష్యుని మోయునంతగా పెంచినప్పుడు, 1903 అక్టోబరులో ఒకసారి, డిసెంబరు 8న మరియొకసారి, అది నదిలో పడినది. రైటు సోదరుల జయమునకు అప్పటికి తొమ్మిది దినములే మిగిలియున్నవి. చిన్నదానిలో సిద్ధించినది పెద్దదానిలో తనంతట సిద్ధింపదని ఈ రెండు కథలును చెప్పుచున్నవి. ప్రతి మెట్టునను మరల విరుగవలెను, మరల అతుకవలెను.

ఇక మన పాఠశాలల సంగతి. విజ్ఞాన ప్రదర్శనములలో బల్లలపై నిగనిగలాడు నమూనాలు వరుసగా నిలుచును. వానిలో కొన్ని అంగడిలో కొని తెచ్చి పైన రంగు పూసినవి. వాని ప్రక్కనే ఒక మూల, రెక్కపై రెండు మాసికలతో, ముక్కులో సీసపుముక్కతో, ఒక విద్యార్థి స్వయముగా చేసిన గ్లైడరు ఉండును. చూడవచ్చిన పెద్దలు దానిని “అతుకుల బొంత”యని నవ్వి ముందునకు సాగుదురు; బహుమానము నిగనిగకు పోవును. ఆ నవ్వు విన్న పిల్లవాడు ఇంటికి పోయి దానిని మంచము క్రిందికి త్రోసివేయును. మరల కత్తి పట్టడు. పైన పటారము, లోన లొటారమను సామెతను పాఠముగా చెప్పుచు, పరీక్షలో పటారమునకే మార్కులు వేయుట మనకు తగునా?

తెలుగు పాఠము చెప్పుకొనువానికి ఈ చర్చయేల యని అడుగవచ్చును. వ్యాసరచన పుస్తకములలోను నేను చూచునది ఇదియే. ఎఱ్ఱసిరాతో దిద్దిన పుటను విద్యార్థి చదువడు. చింపివేసి శుభ్రప్రతి వ్రాయును. దిద్దుబాటును దాచవలసిన సిగ్గుగా మనమే వానికి నేర్పితిమి. కొట్టివేసి మరల వ్రాసిన వాక్యము, విరిగి మరల అతికిన రెక్క ఒక జాతివే. రెండింటియందును విద్యార్థి ఆలోచించిన జాడ కనిపించును.

కావున ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి మూడు మాటలలో నున్నది. నమూనాతో పాటు ఒక చిన్న పుస్తకమును పెట్టింపుడు. ఏ దినమున ఏమి విరిగినది, ఎందులకు విరిగినది, ఏమి చేసిరి, బరువెంత పెరిగినది యని విద్యార్థి దానిలో వ్రాయవలెను. మార్కులలో సగము ఆ పుస్తకమునకు వేయుడు. విరిగిన ముక్కలను పారవేయనీయక నమూనా ప్రక్కనే బల్లపై నుంచుడు. దీనికి ధనవ్యయము లేదు. బాల్సా దొరకని పల్లెలో వెదురు పుల్లలును, పతంగి కాగితమును చాలును. రేడియోతో నడుపునవి మాత్రము విమానాశ్రయ పరిసరములలో అనుమతి లేక ఎగురవేయరాదు. చేతితో విసరు గ్లైడరునకు పాఠశాల ఆవరణయే ఆకాశము.

విద్యార్థులారా! పడ్డవాడు చెడ్డవాడు కాడని మన పెద్దలనిరి. పడినది ఎందులకో కనుగొనక లేచినవాడు మరల అచ్చటనే పడును. మీ గ్లైడరు రేపు గోడకు తగిలి రెక్క విరిగినచో ముక్కలను జాగ్రత్తగా ఏరుకొనుడు. వానిని కలిపి చూచినచో ఎచ్చట బలము చాలలేదో ఆ విరిగిన అంచే చెప్పును. దానిని చదువనేర్చిన నాడు ఏటవాలుగా కోయుటయు, ఆరువరకు ఓర్చుటయు, తూకము దిద్దుటయు మీకు కష్టము కాదు.