ఖడ్గక్రీడలో భవానీ దేవి: ఆడపిల్లల తల్లిదండ్రులకు కొన్ని మాటలు

తలకు ఇనుప జాలి ముసుగు, మెడ నుంచి మణికట్టు వరకు మందపాటి తెల్లని కోటు, మోకాలు దిగిన లాగు, దాని కింద పొడవాటి మేజోళ్ళు, చేతికి తొడుగు. ఫెన్సింగ్ బరిలో దిగిన అమ్మాయి ముఖం కూడా ప్రేక్షకులకు సరిగా కనిపించదు. ఉర్దూలో మనం షంషీర్‌జనీ అని పిలుచుకునే ఈ విద్య చరిత్ర పుస్తకాలలోనే మిగిలిందని అనుకుంటాము గాని, ఒలింపిక్ క్రీడలలో అది నేటికీ సజీవంగా ఉంది. ఆ క్రీడలో ఒలింపిక్స్‌కు అర్హత సంపాదించిన మొట్టమొదటి భారతీయురాలు ఒక తెలుగింటి బిడ్డ. ఆమె పేరు చదలవాడ భవానీ దేవి.

భవానీ 1993 ఆగస్టు 27న చెన్నైలో జన్మించింది. తండ్రి సుందరరామన్ తూర్పు గోదావరి జిల్లా సామర్లకోట నుంచి చెన్నైకి తరలివెళ్ళిన ఆలయ అర్చకుడు. తల్లి రమణి గృహిణి. 2004లో పాఠశాలలో క్రీడల ఎంపిక జరిగినప్పుడు మిగిలిన ఆటలన్నింటిలో స్థానాలు నిండిపోయాయి. ఒక్క ఫెన్సింగ్ మాత్రమే మిగిలింది. అలా ఎవరూ కోరుకోని ఆట ఆమె పాలిట పడింది.

ఈ ఆట ఖర్చుతో కూడినది. కత్తులు విదేశాల నుంచి రావాలి, విరిగితే మళ్ళీ కొనాలి. అందువల్ల పిల్లలు రోజూ వెదురు కర్రలతో సాధన చేసి, అసలు కత్తిని పోటీలకే దాచుకునేవారు. తండ్రి ఆదాయం ఎంతని అడిగితే ఉన్నదానికంటే ఎక్కువ చేసి చెప్పానని ఆమె తరువాతి రోజులలో స్వయంగా వెల్లడించింది. అసత్యాన్ని మేము సమర్థించలేము. అయితే పేద ఇంటి పిల్ల చేత ఆ మాట పలికించిన పరిస్థితిని గురించి పెద్దలు కొంత ఆలోచించవలసి ఉంటుంది. ఆ తల్లి తన నగలు తాకట్టు పెట్టి కూతురిని పోటీలకు పంపింది. పధ్నాలుగేళ్ళ వయసులో తుర్కీలో జరిగిన తొలి అంతర్జాతీయ పోటీకి ఆ పిల్ల మూడు నిమిషాలు ఆలస్యంగా చేరింది. నల్ల కార్డు చూపించి పోటీ నుంచే తొలగించారు. అప్పు చేసి అంత దూరం వెళ్ళిన కుటుంబానికి ఆ మూడు నిమిషాల విలువ ఎంతో చెప్పనక్కరలేదు.

పదవ తరగతి తరువాత ఆమె కేరళలోని తలశ్శేరి సాయ్ కేంద్రంలో చేరి, సాగర్ లాగు వద్ద శిక్షణ పొందింది. తరువాత తమిళనాడు ప్రభుత్వం, గోస్పోర్ట్స్ ఫౌండేషన్ చేయూతనిచ్చాయి. ఇటలీలోని లివోర్నోలో నికోలా జనోట్టి ఆమెకు గురువయ్యాడు.

ఫెన్సింగ్‌లో ఫాయిల్, ఎపీ, సాబర్ అని మూడు ఆయుధాలు ఉన్నాయి. భవానీది సాబర్. ఇది అశ్వికుల ఆయుధం. తుర్కులతో తలపడిన హంగరీ సైనికుల నుంచి ఈ వంపు కత్తి ఐరోపా అంతటా వ్యాపించింది. మిగతా రెండింటిలో మొనతో పొడిస్తేనే పాయింటు. సాబర్‌లో అంచుతో వేటు వేసినా లెక్కే. నడుము పైభాగం, చేతులు, తల లక్ష్యాలు. లోహపు దారాలు నేసిన జాకెట్‌కు కత్తి తగలగానే దీపం వెలుగుతుంది. వ్యక్తిగత పోటీలో ముందుగా పదిహేను పాయింట్లు సాధించినవారిదే గెలుపు. ఒక్కొక్క దాడి రెప్పపాటులో ముగుస్తుంది. మహిళల సాబర్ ఒలింపిక్స్‌లో చేరింది 2004 ఏథెన్స్ క్రీడలలో. భవానీ తొలిసారి కర్ర పట్టింది కూడా ఆ సంవత్సరమే.

2018లో కాన్‌బెర్రాలో కామన్‌వెల్త్ ఫెన్సింగ్ పోటీల స్వర్ణం ఆమెకు దక్కింది. మరుసటి ఏడాది తండ్రి కన్నుమూశాడు. 2021 జులై 26న టోక్యోలో ట్యునీషియాకు చెందిన నాదియా బిన్ అజీజీపై 15-3తో గెలిచి, తరువాతి పోరులో ఫ్రాన్స్ క్రీడాకారిణి మనోన్ బ్రునే చేతిలో 7-15తో ఓడింది. ఓడినందుకు దేశ ప్రజలను క్షమించమని కోరింది. క్షమాపణ చెప్పవలసిన తప్పేమీ ఆమె చేయలేదని మా అభిప్రాయం. 2023లో చైనాలోని వుషీ నగరంలో ఆసియా పోటీలు జరిగాయి. క్వార్టర్ ఫైనల్‌లో ప్రపంచ విజేత, జపాన్‌కు చెందిన మిసాకి ఎమూరాను 15-10తో ఓడించింది. సెమీఫైనల్‌లో ఉజ్బెకిస్తాన్ క్రీడాకారిణి జైనబ్ దాయిబెకోవాతో 14-14 వరకు వచ్చి ఒక్క పాయింటుతో ఓడి కాంస్యం అందుకుంది. ఆ పోటీలలో భారతదేశానికి అదే తొలి పతకం. 2024 పారిస్ ఒలింపిక్స్‌కు మాత్రం అర్హత లభించలేదు.

ఒక అర్చకుని ఇంటి కథ మనకెందుకని పాఠకులు అడగవచ్చు. ఇదే ఆయుధంతో పేరు తెచ్చుకున్న ముస్లిం సోదరి ఒకరు ఉన్నారు. అమెరికాలోని న్యూజెర్సీకి చెందిన ఇబ్తిహాజ్ ముహమ్మద్ తల్లిదండ్రులు ఇస్లాం స్వీకరించినవారు. ఇబ్తిహాజ్ చిన్నప్పుడు ఏ ఆట ఆడినా తల్లి ఆమె దుస్తులకు పొడవు చేతులు కుట్టి జతచేసేది. ఒకరోజు కారులో వెళుతూ ఒక పాఠశాల కిటికీలో ఒళ్ళంతా కప్పుకుని ఆడుతున్న పిల్లలను ఆ తల్లి చూసింది. అది ఏ ఆటో ఆమెకు తెలియదు. తన బిడ్డకు ఇది తగినదని మాత్రం తోచింది. ఇబ్తిహాజ్ 2014లో కజాన్‌లో జరిగిన ప్రపంచ పోటీలలో జట్టు స్వర్ణం, 2016 రియో ఒలింపిక్స్‌లో జట్టు కాంస్యం గెలిచింది. హిజాబ్‌తో ఒలింపిక్స్‌లో పాల్గొన్న తొలి అమెరికన్ క్రీడాకారిణి ఆమెయే.

కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలలో మన ఆడపిల్లలు ఆరేడు తరగతులు దాటగానే ఆటస్థలానికి దూరమవుతారు. పరదా వయసు వచ్చిందంటారు. పరదా విధి, అందులో రెండో మాట లేదు. కాని పరదా కదలికను నిషేధించలేదు. దైవప్రవక్త ముహమ్మద్ (స) ప్రయాణంలో హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం వేశారు. పండుగ రోజున హబ్షీలు మస్జిదులో ఈటెలతో విన్యాసాలు చేస్తుంటే ఆమెను తమ వెనుక నిలబెట్టుకుని చూపించారు. ఉహుద్ రోజున హజ్రత్ ఉమ్మె అమారా (రజి) కత్తి పట్టి ప్రవక్త (స)కు అడ్డుగా నిలిచి గాయపడ్డారు. కత్తి మన స్త్రీల చరిత్రకు పరాయిది కాదు.

పొరుగున నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో బాక్సింగ్ ప్రపంచ విజేత అయింది. పొట్టి దుస్తుల గురించి బంధువులు, ఇరుగుపొరుగు అన్న మాటలు ఆ కుటుంబం విన్నది. దుస్తుల విషయంలో మా అభిప్రాయం షరీఅత్‌కు లోబడినదే. అయితే ఆక్షేపించిన మనము, దేహాన్ని కప్పే ఆట ఏదైనా ఉందా అని వెతికి ఆ తండ్రికి చెప్పామా?

దుస్తుల చిక్కు తీరినా ప్రయాణాల చిక్కు తీరదని కూడా చెప్పాలి. చిన్న వయసులో ఇల్లు విడిచి దూర కేంద్రాలలో ఉండడం, మహ్రమ్ తోడు లేకుండా విదేశాలకు వెళ్ళడం, పురుష శిక్షకుల వద్ద నేర్వడం, వీటిపై ఉలమాలు గట్టిగానే మాట్లాడారు. ఆ మాటలను తేలికగా తీసుకోలేము. ఇబ్తిహాజ్ తల్లి వలె ముందు ఇంటి హద్దులు నిర్ణయించుకుని, ఆ హద్దులలో ఇమిడే ఆటను వెతకడం మన చేతిలో ఉన్న పని. అది కత్తి ఆటే కానక్కరలేదు.

మన రెండు పట్టణాలలోనూ ప్రభుత్వ క్రీడా పాఠశాలలు ఉన్నాయి. హకీంపేట తరహాలో కరీంనగర్‌లో ఒకటి, ఆదిలాబాద్‌లో ఒకటి. బాలురతో పాటు బాలికలకూ నాలుగవ తరగతిలో ప్రవేశం ఇస్తారు. పరుగు, నిలుచున్న చోటు నుంచి దూకడం, షటిల్ పరుగు, మెడిసిన్ బాల్ విసరడం, 800 మీటర్ల పరుగు వంటి పరీక్షలు పెడతారు. చేర్పించే ముందు తల్లిదండ్రులు స్వయంగా వెళ్ళి చూడాలి. బాలికల వసతి విడిగా ఉందా, శిక్షకురాలు ఉన్నారా, పోటీలకు వెళ్ళేటప్పుడు తోడు ఎవరు, పొడవు చేతుల దుస్తులకు అనుమతి ఉందా, నమాజుకు వేళ ఇస్తారా, భోజనంలో హలాల్ సంగతేమిటి, అన్నీ అడగాలి. ప్రవేశం నాలుగవ తరగతిలోనే కనుక, పిల్ల మూడవ తరగతిలో ఉన్నప్పుడే వెళ్ళి అడగవలసి ఉంటుంది.