ఓర్పు, ఓపిక, నిబ్బరం, నిమ్మళం: అన్నీ ఒకటేనా?



పెద్దవంగర చుట్టుపక్కల పల్లెల్లో ఏ ఇంటికి కష్టం వచ్చినా, పలకరించడానికి వచ్చినవారి నోట కొన్ని మాటలు తప్పక వినిపిస్తాయి. "ఓర్చుకో బిడ్డా." "జర ఓపిక పట్టు అన్నా." "గుండె నిబ్బరం చేసుకో." "ఆగమాగం కాకు, నిమ్మళంగ ఉండు." వినడానికి ఇవన్నీ ఒకే మాటలా ఉంటాయి. కాని ఒక్కొక్కటి ఒక్కొక్క మందు. జ్వరం మాత్ర పుండుకు పనికిరాదు గదా! ఏ కష్టానికి ఏ మాట చెప్పాలో చూసుకోకుండా చెబితే, ఓదార్పే మరో బరువవుతుంది. అందుచేత ఈ నెల ఈ మాటలను విడివిడిగా చూద్దాము.

ఓపిక: ఎదురుచూచేవారి మాట

'ఓపు' అంటే చేయగలగడం, మోయగలగడం. దాని నుండి ఓపిక వచ్చింది. జ్వరం నుండి లేచినవాడు "నాకు ఓపిక లేదు" అంటే శక్తి లేదని అర్థం. బస్సు కోసం చూచి చూచి విసిగినవాడు అదే మాట అంటే ఇక ఆగలేనని అర్థం. శక్తికీ, ఎదురుచూడడానికీ మన భాషలో ఒకటే మాట.

యాకోబు పత్రిక 5:7లో మన అనువాదకులు ఈ మాటను రైతు పక్కనే పెట్టారు. పత్తి గింజ పెట్టి మబ్బుల వంక చూచేవారికి ఆ వచనాన్ని విడమరచి చెప్పనక్కరలేదు. వానకోసం చూస్తున్న రైతు ఊరికే కూర్చోడు. గట్టు సరిచేస్తాడు, కలుపు తీయిస్తాడు. తన చేతిలో లేనిదానికి కాచుకుంటాడు, చేతిలో ఉన్నదాన్ని చేస్తాడు.

గ్రీకు మూలంలో అక్కడున్న మాటే గలతీయులకు 5:22లోనూ ఉన్నది. అక్కడ దానిని 'దీర్ఘశాంతము' అన్నారు. కోపం త్వరగా రానివ్వకపోవడమని దాని భావము. నిర్గమకాండము 34:6లో దేవుని గుణంగా చెప్పిన దీర్ఘశాంతమునకు హెబ్రీ మాట మరింత వింతగా ఉంటుంది. ఆ భాషలో ముక్కుకూ కోపానికీ ఒకటే మాట. దీర్ఘశాంతుడు అంటే అక్షరాలా 'పొడవైన ముక్కు గలవాడు'! "వానికి ముక్కు మీదే కోపం" అనే మనకు ఇది ఇట్టే అర్థమవుతుంది.

ఓర్పు, సహనము: బరువు మోసేవారి మాటలు

యాకోబు 1:3లో ఓర్పు అన్నారు, 5:11లో యోబు సహనము అన్నారు. గ్రీకులో రెండు చోట్లా ఒకే మాట. బరువు కింద నిలిచి ఉండడమని దానర్థం. తెలుగులో మాత్రం రెంటికీ కొంచెం తేడా వచ్చింది. నొప్పిని ఓర్చుకుంటాము, మనుషులను సహిస్తాము. పురిటినొప్పులకు ఓర్పు కావాలి, పొరుగింటివారి మాటకు సహనం కావాలి. "ఓర్చినమ్మకు తేటనీరు" అని సామెత. బురద అడుగుకు దిగేదాకా ఆగినవారికే మంచినీరు దొరుకుతుంది.

ఒక సంగతి మరువరాదు. సహనానికి మాదిరిగా చెప్పిన యోబు మౌనంగా ఉండలేదు. అధ్యాయాల కొద్దీ మొరపెట్టాడు, దేవునితోనే వాదించాడు. కాబట్టి ఏడ్చినవారికి ఓర్పు లేదని ఎవరమూ తీర్పు చెప్పకూడదు.

నిబ్బరం: పని చేయవలసినవారి మాట

మోషే తరువాత బాధ్యత మోయవలసిన యెహోషువకు చెప్పిన మాట ఇది (యెహోషువ 1:6). 1 పేతురు 5:8లో మెలకువతో పాటు చెప్పిన మాట కూడా ఇదే. కాళ్ళూ చేతులూ ఆడని సమయంలో వాటిని ఆడించేది నిబ్బరం.

2024 సెప్టెంబరు 1న మా మహబూబాబాద్ జిల్లాలో కురిసిన వానలు గుర్తున్నాయి గదా? కేసముద్రం దగ్గర వరదకు రైలు పట్టాల కింది రాళ్ళూ మట్టీ కొట్టుకుపోయి, పట్టాలు గాలిలో వేలాడాయి. రైళ్ళు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఆగిన రైళ్ళలో పిల్లలతో కూర్చున్నవారికి కావలసినది ఓపిక. వానలోనే కట్ట నింపి దారి వేసిన కార్మికులకు కావలసినది నిబ్బరం. ఇల్లు మునిగినవారికి ఓర్పు. వాన ఒకటే, మూడు రకాల బలం అవసరమయింది.

నిమ్మళం: లోపలి మాట

ఇది మన తెలంగాణ పల్లె మాట అనుకుంటాము. పరిశుద్ధ గ్రంథములోనూ ఉన్నది. మార్కు 4:39లో తుపాను అణగిన తరువాత సముద్రానికి కలిగినది నిమ్మళమే. కీర్తన 131లో తల్లి దగ్గరి బిడ్డవలె ప్రాణానికి కలిగేదీ అదే. నిబ్బరం పైకి కనబడుతుంది, నిమ్మళం లోపల ఉంటుంది. పది మంది ముందు నిబ్బరంగా తిరిగి, రాత్రి నిద్రపట్టనివారు మన సంఘాల్లో ఎందరో.

ఏ మాట ఎవరికి?

తాగివచ్చిన భర్త చేతిలో దెబ్బలు తిని పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డకు మనవారు మొదట చెప్పేది "ఓర్చుకో" అనే. ఇది తగదు. ఓర్పు తప్పించలేని బాధకు చెప్పిన మాట, తప్పించగల దెబ్బకు కాదు. సాత్వికుడైన ప్రభువే, తనను చరచిన బంట్రౌతును ఎందుకు కొట్టావని అడిగాడు (యోహాను 18:23). కొరడా ఎత్తినప్పుడు పౌలు చట్టం మాట ఎత్తాడు (అపొ. కార్యములు 22:25). మన దేశంలో గృహహింస నుండి స్త్రీలను కాపాడడానికి 2005లో చట్టం వచ్చింది. మహిళల సహాయానికి 181 నంబరు ఉన్నది. ఆ బిడ్డకు కావలసినది నిబ్బరం, ఆమెకు తోడుగా వెళ్ళే పెద్దలు.

అలాగే అప్పులవారు వాకిట్లో కూర్చున్న రైతుకు "ఓపిక పట్టు" అని చెప్పి లేచి రావడం చాలదు. అతనికి ముందు నిమ్మళం కావాలి. ఆ రాత్రి అతని దగ్గర ఒకరు కూర్చోవాలి. పురుగుమందు డబ్బా ఇంట్లో నుండి తీసివేయాలి. తెల్లవారిన తరువాత కలిసి అప్పుల లెక్క చూడాలి. అది నిబ్బరం. పంట చేతికి వచ్చేదాకా ఓపిక తరువాతి మాట. మనసు కుంగినవారితో మాట్లాడడానికి ప్రభుత్వం పెట్టిన టెలిమానస్ నంబరు 14416. ఉచితమే. గోడ మీద రాసి ఉంచండి.

ఈ వారం కుటుంబ ప్రార్థనలో ఒక పని చేయండి. మన వాడలో కష్టంలో ఉన్న ఒక ఇంటిని తలచుకొని, వారికి ఇప్పుడు కావలసినది ఓర్పా, ఓపికా, నిబ్బరమా, నిమ్మళమా అని పిల్లలతో సహా మాట్లాడుకోండి. తరువాత ఆ ఇంటికి వెళ్ళండి. చెప్పడానికి మాట దొరకకపోతే, చెప్పక కాసేపు కూర్చోండి. యోబు స్నేహితులు మొదటి ఏడు దినాలు చేసిన మంచి పని అదే.